సింక్ కింద చెక్క ఉబ్బింది, కంపెనీ పట్టించుకోవట్లేదు

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. ఏడాది క్రితం 4.80 లక్షలకు మాడ్యులర్ కిచెన్ చేయించుకున్నాం. 4.20 లక్షలు కట్టాం. కొటేషన్‌లో "710 గ్రేడ్ బీడబ్ల్యూపీ ప్లైవుడ్" అని ఉంది. ఆరు నెలలకే సింక్ కింద క్యాబినెట్ ఉబ్బిపోయింది, అంచుల్లో పొట్టులా రాలుతోంది. "నీళ్లు కారితే మా బాధ్యత కాదు, కేసు వేయాలంటే బెంగళూరులోనే" అంటున్నారు. మిగతా 60 వేల కోసం రోజూ ఫోన్లు. టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క పని చేయండి. ఆ క్యాబినెట్‌ను ఎవరినీ ఊడదీయనివ్వకండి. ఉచితంగా మారుస్తామని వచ్చి పాత చెక్క పట్టుకుపోతే, మీ సాక్ష్యం కూడా వాళ్లతోనే పోతుంది. ఫొటోలు, వీడియో తీసి, రాలిన ముక్కలు ఒక కవర్లో దాచండి.

మీ కేసుకు ప్రాణం కొటేషన్‌లోని ఆ ఒక్క లైనే. 710 అంటే ఐఎస్ 710, అంటే నీళ్లను తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు ఉన్న భారతీయ ప్రమాణం. బీడబ్ల్యూపీ అంటే మరిగే నీళ్లకూ చెడనిది అని. దాని జిగురు 72 గంటలు మరిగే నీళ్లను తట్టుకోవాలి. పొట్టులా రాలుతోందంటే అది ప్లైవుడ్ కాకుండా, చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు అయ్యే అవకాశం ఎక్కువ. రాసిందొకటి, పెట్టిందొకటి అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది లోపమే. అవసరమైతే ఈ ఫిర్యాదులు విచారించే వినియోగదారుల కమిషనే నమూనాకు సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది. అయితే వాళ్లు పైపు లీకేజీ మీదకు నెడతారు. అందుకే ప్లంబర్‌తో చూపించి, లీకు లేదని రాయించుకోండి.

బెంగళూరు మాటకు భయపడొద్దు. అదే చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలి) అని రాసి ఉన్నా అది అడ్డు కాదు. మీరు కట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు.

60 వేలు ఊరికే ఆపేసి ఊరుకోకండి, అది మీ మీదకే తిరుగుతుంది. ఎందుకు ఆపారో, ఏం బాగుచేస్తే ఇస్తారో రాసి, 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఈలోగా 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా కంపెనీలు ఈ దశలోనే దిగివస్తాయి. దిగివస్తే ఏ గ్రేడ్ చెక్కతో, ఏ తేదీలోగా మారుస్తారో కాగితం మీద రాయించుకున్నాకే పాతది తీయనివ్వండి.