ఆ మంచం కోర్టులో లేదు

చిరంజీవికి,

ఆశీస్సులు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని ఫెయిర్‌ఫాక్స్ పాత కోర్టు మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదువుతూ మూడో పేజీ దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 మార్చి 9న, తెల్లవారకముందే, దక్షిణాది (కాన్ఫెడరేట్) దళనాయకుడు మాస్బీ మనుషులు ఉత్తరాది (యూనియన్) జనరల్ స్టౌటన్‌ను నిద్రలేపి పట్టుకుపోయిన ఘట్టంలో, నువ్వు అతని మంచాన్ని తీసుకొచ్చి న్యాయాధిపతి బల్ల పక్కన వేశావు. ఆ రోజుల్లో వర్జీనియాలో కౌంటీ కోర్టున్న ఊరినే 'కోర్ట్‌హౌస్' అనేవారు. స్టౌటన్ పడుకున్నది అదే ఊళ్ళోని ఒక ఇటుకల ఇంట్లో. ఊరికీ భవనానికీ తేడా తెలియకుండా చరిత్ర రాస్తే ఎలా?

1861 జూన్ 1 చీకట్లో దక్షిణాది కెప్టెన్ మార్ నేలకొరగడం, స్టౌటన్‌తో పాటు మాస్బీ తోలుకుపోయిన 58 గుర్రాలు, ఇవన్నీ ఆ ఊరి కథలు. కోర్టు సొంత కథ దాని రికార్డు గదిలో ఉంది. యుద్ధం ముంచుకొస్తుంటే కోర్టు గుమాస్తా ఆల్ఫ్రెడ్ మాస్, అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ వీలునామాను రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌కు తరలించాడు. వాషింగ్టన్ భార్య మార్తా వీలునామా మాత్రం ఇక్కడే ఉండిపోయింది. సైనికులు భవనం లోపలంతా పాడుచేసిన ఆ కాలంలోనే ఒక యూనియన్ అధికారి ఆ వీలునామాను పట్టుకెళ్ళాడు. అతని కూతురు దాన్ని పెద్ద బ్యాంకరు జె. పి. మోర్గాన్‌కు అమ్మింది. చివరికి వర్జీనియా రాష్ట్రం సుప్రీంకోర్టుకెక్కితే గాని, 1915లో మోర్గాన్ కుమారుడు ఆ కాగితాన్ని తిరిగి ఇవ్వలేదు. అటు భర్త వీలునామా 1865లో ఇల్లు చేరింది గాని, మడతల వెంట చిరిగిపోయి చేరింది. ఇంత కథను నువ్వు ఒక్క వాక్యంలో, అదీ బ్రాకెట్లలో, సర్దేశావు!

తప్పంతా నీదని అనను. పత్రికలు నేర్పిన చదువే అది. నేను మునసబు కోర్టులో నకళ్ళు రాసే రోజుల్లో, ఒక తుఫాను మర్నాడు వరండా పొడవునా దస్తావేజులు పరిచి, ఎగిరిపోకుండా కంకరరాళ్ళు పెట్టి ఆరబెట్టాం. ఒక ముసలి రైతు తన తండ్రి క్రయదస్తావేజు కోసం మధ్యాహ్నం దాకా వెతికి, సిరా అంతా కరిగిపోయి వేలిముద్ర ఒక్కటే మిగిలిన కాగితాన్ని ఎత్తి నాకు చూపించాడు. దాని మీద వ్యాసం రాసి ఒక వారపత్రికకు పంపితే, సంపాదకులవారు 'ఇందులో చావులేవీ?' అని ఎర్రసిరాతో రాసి తిప్పి పంపారు. ఆ కవరు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

1863 నాటి ఫొటోలో కోర్టు ముందు ఉన్న సైనికులను వర్ణించిన పేరా బాగుంది. దాని జోలికి పోకు. పుస్తకంగా వేసుకునే సంగతి తరవాత చూద్దాం. ఆ రెండు వీలునామాలూ ఇప్పుడు ఫెయిర్‌ఫాక్స్ కోర్టు రికార్డుల కేంద్రంలోనే ఉన్నాయి, నువ్వుండేదీ ఆ కౌంటీలోనే. వెళ్ళి, వాటిని భద్రపరిచేవాళ్ళతో ఒక పూట మాట్లాడిరా. అంతకంటే ముందు స్టౌటన్ చేత ఆ కోర్టు ఖాళీ చేయించు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి