సాక్స్ లేకుండా షూటింగ్ పెట్టకు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసింది. "వాడు ఉద్యోగానికి మూడు నెలలు సెలవు పెట్టి రోమన్ సైనికుల సినిమా తీస్తాడటక్కా, నువ్వైనా చెప్పు" అంది. తిడదామనే నీ స్క్రిప్టు తెరిచాను. చదివేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. పొద్దున్నే అటక మీది ట్రంకుపెట్టె దించాను. ఈ మోకాళ్ళతో నిచ్చెన ఎక్కానని మీ పెదనాన్నకి చెప్పకు.

ముందు ఆ యుద్ధం సీను కొట్టెయ్. నాలుగు వేల పౌండ్లలో నూట యాభై మందికి అన్నమైనా పెట్టలేవు. అయినా సైనికుడి బతుకంతా యుద్ధమేనా? ఇక్కడ ఉత్తర ఇంగ్లండులో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కట్టించిన గోడ పని క్రీ.శ. 122లో మొదలైంది. అంతకు ముందే అక్కడ విందోలండా అనే కోట ఉండేది. ఆ కోటలో పల్చటి చెక్క పలకల మీద సిరాతో రాసిన ఉత్తరాలు, లెక్కలు 1973 నుంచి బయటపడుతున్నాయి. వాటిలో ఒక హాజరు పట్టీ ఉంది. టుంగ్రియన్లని ఇప్పటి బెల్జియం వైపు వాళ్ళు, వాళ్ళ దళంలో మొత్తం 752 మంది. అందులో 456 మంది వేరే చోట్ల పనుల మీద ఉన్నారు. మిగిలిన 296 మందిలో 15 మందికి జబ్బు, 6 మందికి గాయాలు, 10 మందికి కళ్ళకలక. కోటలో ఉన్న సెంచూరియన్, అంటే దళంలో ఒక్కో జట్టుకి నాయకుడు, ఒక్కడే. ఇంతకంటే లో బడ్జెట్ కథ ఎక్కడ దొరుకుతుంది నీకు?

ఒక్కో తోలు డేరాలో ఎనిమిది మంది పడుకునేవాళ్ళు. సామాన్లకి ఒక కంచరగాడిద. అదే నీ సినిమా అనుకో. ఎనిమిది మందిని పొగమంచులో నిలబెడితే వెనక ఐదు వేల మంది ఉన్నారని చూసేవాళ్ళే అనుకుంటారు. కంచరగాడిద దొరక్కపోతే పారిపోయిందని రాసుకో.

పొలం రైతుతో కాగితం రాయించుకో, ఇన్సూరెన్స్ కట్టు, కత్తులు మొద్దువే అయినా పోలీసులకి ముందే చెప్పు. గోడ మీదికి ఎవరినీ ఎక్కించకు, అది రక్షిత కట్టడం. గుర్రాల జోలికి పోకు. రోమన్లకి రికాబులు లేవు, రికాబులు లేకుండా స్వారీ చేసేవాడు నీ బడ్జెట్‌కి రాడు. ఫ్రేములో గొర్రెలుంటే ఒకటికి రెండుసార్లు చూసుకో. ఇక్కడి రైతులు వాటి వీపున నీలం రంగు కొడతారు. 2004లో మా సినిమాలో మంచి షాట్ ఒకటి అలాగే పోయింది.

నటులందరూ తెల్లగానే ఉండాలని ఎవరైనా అంటే నమ్మకు. గోడ కట్టింది లెజియన్లే, అంటే రోమన్ పౌరుల సైన్యమే కానీ, కాపలా కాసింది ఎక్కువగా బయటి నుంచి తెచ్చిన ఆక్సిలరీ, అంటే సహాయక దళాలు. కార్వోరన్ కోటలో సిరియా విలుకాళ్ళున్నారు. తర్వాతి శతాబ్దంలో బర్గ్ బై శాండ్స్‌లో ఉత్తర ఆఫ్రికా మూర్లు పనిచేశారు. మనవాళ్ళు లేరులే. నువ్వు హెల్మెట్ పెట్టుకుని మధ్యలో దూరకు. హెల్మెట్లు మాత్రం మనవే. అప్పుడు నేను కొన్న నాలుగింటి లోపలా 'మేడ్ ఇన్ ఇండియా' అని స్టిక్కరుంది. ఆ స్టిక్కర్ గీకడానికి ఒక సాయంత్రం పట్టింది.

ఇక అసలు సంగతి. మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

2004 అక్టోబరులో ఇక్కడి కుర్రాళ్ళు ఇరవై నిమిషాల సినిమా మొదలుపెట్టారు. నేను కాస్ట్యూమ్స్. లావు నూలు తాడుతో చొక్కాలు అల్లి, వెండి రంగు కొట్టి ఇనప రింగుల కవచంలా చేశాను. మూడు నెలల పని. ఒక్క కుర్రాడికి మాత్రం అసలు ఇనప పలకల కవచం అద్దెకి తెచ్చాం. చీర మీద స్వెట్టర్ వేసుకుని తిరిగే ఆవిడకి రోమన్ల గురించి ఏం తెలుసు అనుకుంటారేమోనని నాకు లోపల భయం. అందుకని అందరికంటే నేనే ఎక్కువ రూల్స్ పెట్టేదాన్ని. వాచీ మచ్చ కనబడకూడదు, గుండీ కనబడకూడదు. మేకుల చెప్పుల్లో సాక్స్ అసలు వేసుకోకూడదు. పుస్తకాల్లో బొమ్మలన్నీ వట్టి కాళ్ళవే మరి.

ఆ రోజు వానలో మంచు కలిసి పడుతోంది. కవచం కుర్రాడికి ఇరవై రెండేళ్ళు. పొద్దున్న పదింటికి నా దగ్గరికి వచ్చి, "సాక్స్ వేసుకోనా, క్లోజప్ అప్పుడు తీసేస్తాను" అని అడిగాడు. నేను నవ్వి, "రోమన్ సైనికుడు అడుగుతాడా అలా?" అన్నాను. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు. మళ్ళీ అడగలేదు పాపం.

మధ్యాహ్నం మూడింటికి రైతు ఇంటి గేటు దగ్గర నాపరాళ్ళ మీద నడిచే షాట్. ఇనప మేకులు, తడి రాయి, స్పర్శ లేని పాదాలు. డాలుతో సహా పడ్డాడు. మణికట్టు రెండు చోట్ల విరిగింది. కవచం విప్పుదామంటే తోలు తాళ్ళు తడిసి ముడులు బిగుసుకుపోయాయి. నా వేళ్ళు కూడా పనిచెయ్యలేదు. అలాగే కవచంతో నా కారు వెనక సీట్లో కూర్చోబెట్టి హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను. దారంతా మలుపు తిరిగినప్పుడల్లా ఆ ఇనప రేకులు గలగలమన్నాయి. అక్కడ నర్సు కత్తెరతో తాళ్ళు కోసింది. తర్వాత కాళ్ళు చూసింది. బొటనవేళ్ళు కొవ్వొత్తుల్లా ఉన్నాయి. "ఇతనికి సాక్స్ ఎందుకు లేవు?" అని నన్నే అడిగింది. ఏం చెప్పను?

వేళ్ళు దక్కాయి. సినిమా ఆగిపోయింది. అతను నన్నొక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రెండేళ్ళ తర్వాత లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంకి వెళ్ళాను. అద్దం వెనక విందోలండా పలక ఒకటి, అరచేయంత. ఎవరో ఎవరికో రాశారు. సాట్టువా నుంచి (అది ఊరో మనిషో నాకు తెలీదు) సాక్స్ జతలు, రెండు జతల చెప్పులు, రెండు డ్రాయర్లు పంపుతున్నారట. నేను అక్కడే బల్ల మీద కూలబడ్డాను. పద్దెనిమిది వందల ఏళ్ళ పైచిలుకు కింద, అదే చలిలో, వాళ్ళ వాళ్ళు సాక్స్ పంపారు. మా ఇంటికి గంట దూరంలో తవ్వి తీసిన పలక అది. షూటింగ్‌కి ముందు ఒక్కసారి ఆ తవ్విన చోట ఉన్న మ్యూజియంకి వెళ్ళి అడిగుంటే చెప్పేవాళ్ళు.

అందుకే నవంబరులో షూటింగ్ అని చదవగానే గుండె ఝల్లుమంది. ప్రతి గంటకీ పది నిమిషాలు అందరి చెప్పులూ విప్పించి కాళ్ళు నువ్వే చూడు, అసిస్టెంటుకి అప్పజెప్పకు. మేకుల చెప్పులు మట్టి మీదే. రాయి మీద నడకైతే రబ్బరు అడుగు వేయించి, మేకుల చప్పుడు తర్వాత కంకర మీద విడిగా రికార్డు చేసుకో. నూలు తాడు చొక్కా తడిస్తే మనిషిని కిందికి లాగుతుంది, నైలాన్ తాడు వాడు. వేడి సూపు ఫ్లాస్కు కెమెరా కంటే ముందు వ్యానెక్కాలి. ఎవరైనా ఏదైనా అడిగితే జోకు వెయ్యకు నాన్నా.

స్క్రిప్టులో ముసలి సైనికుడు పొయ్యి దగ్గర ఇంటికి ఉత్తరం చెప్పి రాయించే సీనుంది చూడు, దాన్ని ముట్టుకోకు. అక్కడ కళ్ళు తుడుచుకున్నాను. మీ తాతయ్య మిలిటరీ నుంచి రాయించిన ఉత్తరాలు నీకెవరు చెప్పారు?

గోధుమరంగు ఉన్ని తెచ్చి సాక్స్ అల్లడం మొదలుపెట్టాను. ఎనిమిది జతల్లో రెండు అయ్యాయి. మిగిలిన వాళ్ళ కాళ్ళ సైజులు పంపు. డ్రాయర్లు మాత్రం మీరే కొనుక్కోండి.

మీ పెద్దమ్మ