కుందేలు పాల ఇంజెక్షన్ సంగతి తర్వాత.. ముందు ఆ మాత్రలు ఆపాలి

ప్రశ్న: నా వయసు 34, బరువు 62 కిలోలు. పదేళ్లుగా ఏడాదికి మూడు నాలుగుసార్లు పెదవో, చెయ్యో, పాదమో వాస్తోంది. దురద, దద్దుర్లు ఉండవు. ఒక్కోసారి విపరీతమైన కడుపునొప్పి, వాంతులు. మా ఊళ్లో ఆర్‌ఎంపీ ఎవిల్, డెక్సా ఇంజెక్షన్లు చేస్తే మూడు రోజులకు తగ్గుతుంది. ఈమధ్య నెలనెలా వస్తోంది. పోయిన నెలలో ఒక రాత్రి గొంతు బొంగురుపోయి, ఉమ్మి కూడా మింగలేకపోయాను. తెల్లారేసరికి సర్దుకుంది. మా నాన్నగారు 41 ఏళ్లకే గొంతు వాచి, ఊపిరాడక పోయారు. రక్తపరీక్షలో సీ4 అనే ప్రొటీన్ తక్కువగా ఉంది, హెరిడిటరీ యాంజియోఎడిమా (వంశపారంపర్యంగా వచ్చే వాపు జబ్బు) కావచ్చన్నారు. జన్యువులు మార్చిన కుందేలు పాల నుంచి దీనికి రుకోనెస్ట్ అనే ఇంజెక్షన్ తీస్తారని చదివాను. డాలస్‌లో ఉన్న తమ్ముడు తెస్తానంటున్నాడు. ఇంట్లో నేనే చేసుకోవచ్చా? దానివల్ల ఏమైనా ప్రమాదమా? కుందేలు పాలు తాగినా పనిచేస్తుందా? ఇద్దరు పిల్లలున్నారు. నెలసరి సరిగా రాక ఆరు నెలలుగా హార్మోన్ మాత్రలు వాడుతున్నాను.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

సలహా: ఇంజెక్షన్ గురించి చెబుతాను. దానికన్నా ముందు, ఉత్తరం చివర్లో రాసిన హార్మోన్ మాత్రల సంగతి తేలాలి. నెలసరి కోసం ఇచ్చే మాత్రల్లో చాలావాటిలో ఈస్ట్రోజెన్ ఉంటుంది. మీ జబ్బుకు అది అగ్నికి ఆజ్యం. మాత్రలు మొదలుపెట్టి ఆరు నెలలైంది, ఏడాదికి మూడు నాలుగుసార్లు వచ్చే వాపు నెలనెలా వస్తోంది. ఈ రెంటికీ సంబంధం లేదని అనుకోలేను. స్ట్రిప్ వెనక ఇథినైల్ ఈస్ట్రడయోల్ అని ఉందేమో చూడండి. ఉంటే ఈరోజే మీ గైనకాలజిస్టుకు ఫోన్ చేసి, జబ్బు పేరు చెప్పి, ఆ మాత్ర ఆపించుకోండి. ఈస్ట్రోజెన్ లేని మందులున్నాయి, మీకు ఏది సరిపోతుందో ఆమె చూసి చెబుతారు. మెడికల్ షాపులో అడిగి ఇంకో బ్రాండుకు మాత్రం మారకండి. మున్ముందు బీపీ వచ్చినా రామిప్రిల్, ఎనాలాప్రిల్ లాంటి ‘ప్రిల్’ మందులు మీకు పనికిరావు. చీటీ రాసే ప్రతి డాక్టరుకూ ఈ మాట చెప్పండి.

రెండోది, ఆ రాత్రి గొంతు. బొంగురుపోయి, ఉమ్మి మింగుడు పడకపోతే తెల్లారేదాకా ఆగకూడదమ్మా. అందులోనూ నాన్నగారు అలా పోయిన ఇంట్లో! ఈసారి గొంతులో ఏదో అడ్డుపడినట్టున్నా, మాట ముద్దగా వచ్చినా, గాలి పీలుస్తుంటే శబ్దం వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. వెంటిలేటరు, మత్తు డాక్టరు, ఈఎన్‌టీ ఉన్న ఆసుపత్రికే వెళ్లండి. వాపు పూర్తిగా కమ్మేశాక ఊపిరికి ట్యూబు వేయడం చాలా కష్టం, కొన్నిసార్లు గొంతుకు రంధ్రం చేయాల్సి వస్తుంది. ఆ ట్యూబు ముందుగానే వేస్తే సులువు. మీ దారిలో అలాంటి ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కుని, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

ఎవిల్, డెక్సాతో తగ్గుతోందన్నారు. మామూలు అలర్జీ వాపు హిస్టమిన్ వల్ల వస్తుంది, దానికి ఆ మందులు పనిచేస్తాయి. మీకు వచ్చేది బ్రాడీకైనిన్ అనే పదార్థం వల్ల. దాన్ని అదుపులో పెట్టే సీ1 ఇన్హిబిటర్ అనే ప్రొటీన్ మీ రక్తంలో తక్కువగా ఉండటమో, ఉన్నా సరిగా పనిచేయకపోవడమో జరుగుతుంది. దాంతో సన్నటి రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరి వాపు వస్తుంది. దురద లేకపోవడానికి కారణం ఇదే. ఈ వాపు దాదాపు ఒక రోజు పెరిగి, రెండు నుంచి ఐదు రోజుల్లో దానంతటదే దిగుతుంది. మూడో రోజున తగ్గింది ఇంజెక్షన్ మహిమ అనుకుంటున్నారు గానీ, చేయించుకోకపోయినా తగ్గేదే. పైగా ఎవిల్ మత్తులో పడుకుంటే గొంతు వాస్తున్నట్టు తెలియదు. నాకు ఎక్కువ భయం అక్కడే. అయితే అత్యవసర విభాగంలో అలర్జీయా కాదా అని తేలక డాక్టర్లు అడ్రినలిన్ ఇస్తామంటే అడ్డుచెప్పకండి.

ఇక మీరడిగిన మందు. రుకోనెస్ట్‌లో ఉండేది కొనెస్టాట్ ఆల్ఫా, అంటే మీలో లోపించిన సీ1 ఇన్హిబిటరే. నెదర్లాండ్స్‌కు చెందిన ఫార్మింగ్ అనే సంస్థ దీన్ని తయారుచేస్తోంది. యూరప్‌లో 2010లో, అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. పాల నుంచి తీసిన మందుల్లో మొదటిది ఇది కాదు, మేకపాల నుంచి తీసిన యాంటీత్రాంబిన్‌కు (రక్తం గడ్డకట్టకుండా చూసే ప్రొటీన్) 2006లోనే యూరప్‌లో అనుమతి ఇచ్చారు. ఫలదీకరణ చెందిన కుందేలు అండంలోకి మనిషి సీ1 ఇన్హిబిటర్ జన్యువును సన్నటి సూదితో పంపిస్తారు. ఆ జన్యువుకు ముందు, ఆవుపాలలోని కేసీన్ అనే ప్రొటీన్ జన్యువు తాలూకు ‘స్విచ్’ తగిలిస్తారు. ఆ స్విచ్ పాలగ్రంథిలోనే పనిచేస్తుంది కాబట్టి ప్రొటీన్ పాలలోకి వస్తుంది. ఇలా సూది పెట్టిన అండాల్లో కొద్ది వాటిలోనే జన్యువు నిలుస్తుంది. నిలిచిన కుందేలు నుంచి మందను పెంచుతారు. కుందేలుకు గర్భం నెల రోజులే కాబట్టి ఆవుతో పోలిస్తే మంద త్వరగా తయారవుతుంది. పిండిన పాలలోంచి కొవ్వు, కేసీన్ తీసేసి, వరుసగా కాలమ్‌లలో వడకట్టి, వైరస్‌లను నిర్మూలించి, పొడిగా ఆరబెడతారు.

ఇంత తతంగం బ్యాక్టీరియాలో చేయొచ్చు కదా అంటే, కుదరదు. ఈ ప్రొటీన్ ఒంటినిండా చక్కెర గొలుసులుంటాయి. వాటిని అతికించే పనితనం మామూలు బ్యాక్టీరియాకు లేదు, పాలగ్రంథి కణాలకు ఉంది. కానీ కుందేలు అతికించే గొలుసులు అచ్చం మనిషివి కావు. అందుకే ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు రెండున్నర గంటలే పడుతుంది. మనిషి రక్తం నుంచి తీసిన సీ1 ఇన్హిబిటర్ అయితే ఒక రోజుకు పైగా ఉంటుంది. అంటే ఇది వచ్చిన వాపును దించడానికే గానీ, వాపు రాకుండా రోజూ కాపలా కాయడానికి తీసుకొచ్చింది కాదు.

జన్యువుల భయం అక్కర్లేదు. మీ ఒంట్లోకి వచ్చేది శుద్ధి చేసిన ప్రొటీన్, కుందేలు జన్యువు కాదు. అసలు జాగ్రత్త అలర్జీ విషయంలో. ఎంత శుద్ధి చేసినా కుందేలు ప్రొటీన్ల జాడలు మిగులుతాయి. కుందేళ్ల దగ్గర మీకు తుమ్ములు, ఆయాసం వచ్చాయా? చిన్నప్పుడు ఇంట్లో పెంచారా? ఆవుపాలు పడవా? ఇవి తేలకుండా మొదటి డోసు ఇంట్లో వేసుకోవడానికి వీల్లేదు. గతంలో రక్తం గడ్డలు కట్టి ఉంటే అది కూడా చెప్పాలి. పాలు తాగితే లాభం లేదు, కడుపులోకి వెళ్లగానే ఆ ప్రొటీన్ అరిగిపోతుంది. మామూలు కుందేలు పాలలో అది ఉండనే ఉండదు.

డోసు కిలోకు 50 యూనిట్లు, ఎంత బరువున్నా 4,200 దాటకూడదు. మీ 62 కిలోలకు 3,100 యూనిట్లు. సీసాలో ఉండేది 2,100, కాబట్టి మీకు రెండు సీసాలు కావాలి. ఒక్కో దాంట్లో 14 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ కలిపితే మిల్లీలీటరుకు 150 యూనిట్లు వస్తాయి. అంటే దాదాపు 20.7 మిల్లీలీటర్లు నరంలోకి, సుమారు ఐదు నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కించాలి. కలిపేటప్పుడు సీసాను ఊపితే నురగ వస్తుంది, మెల్లగా తిప్పాలి. రక్తం నుంచి తీసే రకానికి యూనిట్ల లెక్క వేరు, ఒకదాని లెక్క ఇంకోదానికి వాడకూడదు. ఇక్కడ అంకెలు రాశానని వీటిని చీటీగా తీసుకోకండి. ఈ మందు నరంలోకే ఎక్కించాలి, నరం దొరకలేదని కండలోకి చేసుకోకూడదు. ఇంకో ముఖ్యమైన సంగతి: గొంతు వాపులో ఇది తప్పక పనిచేస్తుందని రుజువు చేసేంతమందిపై పరీక్షలు జరగలేదని అమెరికా లేబుల్‌లోనే ఉంది. కాబట్టి ఫ్రిజ్‌లో సీసా ఉందని ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేయకూడదు.

తమ్ముణ్ని తొందరపెట్టకండి. దేశంలో అనుమతి లేని మందును సొంత వాడకానికి తెప్పించుకోవాలంటే ఇక్కడి డాక్టరు చీటీతో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు ఫారం 12ఏ పెట్టి, 12బీ అనుమతి తీసుకోవాలి. దానికన్నా ముందు జబ్బు నిర్ధారణ కావాలి. సీ4 ఒక్కటే చాలదు, సీ1 ఇన్హిబిటర్ ఎంత ఉందో, ఎంత పనిచేస్తోందో రెండూ చూడాలి. కొందరిలో మోతాదు మామూలుగానే ఉండి పనితనం ఉండదు. శాంపిల్‌ను వెంటనే వేరుచేసి గడ్డకట్టించి పంపే ల్యాబులోనే ఇవ్వండి. ఆలస్యమైన శాంపిల్‌లో అంకెలు తప్పుగా తగ్గుతాయి. ఈస్ట్రోజెన్ కూడా ఆ అంకెల్ని తగ్గిస్తుంది కాబట్టి, మాత్ర ఆపాక కొన్నాళ్లకు మళ్లీ చేయించాల్సి రావచ్చు. రిపోర్టులతో క్లినికల్ ఇమ్యునాలజీ లేదా రుమటాలజీ నిపుణుణ్ని కలవండి. వాపు రాకుండా ఇచ్చే ట్రనెక్సమిక్ యాసిడ్, డనజోల్ లాంటివి మన దగ్గరే దొరుకుతాయి. మీకు నప్పుతాయో లేదో వారు నిర్ణయించాలి. డనజోల్‌ను గర్భం దాల్చే అవకాశం ఉన్నప్పుడు, కాలేయ సమస్య ఉన్నప్పుడు వాడకూడదు. దాన్ని సొంతంగా కొనుక్కోకండి.

మీకు ఈ జబ్బు ఖాయమైతే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం. ఇద్దరికీ ఇవే పరీక్షలు చేయించండి, ఇప్పటిదాకా ఒక్క వాపూ రాకపోయినా సరే. పన్ను తీయించడం గొంతు వాపును రేపగలదు, వాపు మర్నాటికి కూడా రావచ్చు. రిపోర్టులు వచ్చేదాకా మీకు గానీ, పిల్లలకు గానీ పన్ను తీయించే పని పెట్టుకోకండి. తప్పనిసరైతే డెంటిస్టుకు ముందే చెప్పి, పైన చెప్పిన సదుపాయాలున్న ఆసుపత్రిలోనే తీయించండి.