కార్పెట్ పారేసే ముందు ఫొటో తియ్యి

అమ్మలూ,

హరికేన్ సీజన్ అంటే టెన్షన్‌గా ఉంది పెద్దమ్మా, నీళ్ల సీసాలూ టార్చిలైట్లూ కొనేశాం అన్నావు. మంచిదే. కానీ హ్యూస్టన్‌లో ఇన్నేళ్లుగా నేను చూసిందేమిటంటే, గాలివాన ఉన్నంతసేపూ అందరూ జాగ్రత్తగానే ఉంటారు. అది వెలిసి హమ్మయ్య అనుకున్నాకే అసలు ప్రమాదాలు.

2024 జూలైలో బెరిల్ హరికేన్ వచ్చినప్పుడు ఇక్కడ 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. మాకు ఆరో రోజున వచ్చింది. అల్లుడు జనరేటర్ కొన్నాడన్నావుగా, వానకి తడుస్తుందని గరాజ్‌లో పెట్టనివ్వకు. తలుపు తీసి ఉంచినా సరే, వద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. తలనొప్పే కదా అని పడుకున్నవాళ్లు మళ్లీ లేవకపోవచ్చు. ఇంటికి 20 అడుగుల అవతల, కిటికీలకు దూరంగా పెట్టాలి.

ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే చల్లదనం 4 గంటలు ఆగుతుంది. ఆ తర్వాత నిన్నటి పప్పు మీద ప్రేమ వద్దు. పిండి పులిసిందంతేలే అని మీ పెదనాన్న అట్లు పోసుకు తిన్నారు. ఆ కథ ఆయన్నే అడుగు.

రోడ్డు మీద నీళ్లు పారుతుంటే కారు దింపొద్దు. అడుగు లోతు చాలు, కొట్టుకుపోవడానికి.

2017లో హార్వీకి మా ఇంట్లోకి మోకాళ్లలోతు నీళ్లొచ్చాయి. బూజు పడుతుందన్న కంగారులో కార్పెట్ కత్తితో చీల్చి, చాపల్లా చుట్టి, వీధి అంచున గుట్ట పోశాం. చెత్త లారీ ఎత్తుకెళ్లింది. తర్వాత బీమా మనిషి వచ్చి "ఏ కార్పెట్?" అన్నాడు. అందుకే చెప్తున్నా, ముందు ఫొటోలు. గోడ మీద నీటి చార పక్కన కొలత టేపు పెట్టి తియ్యి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ల సీరియల్ నంబర్లు కూడా. కార్పెట్‌దో ముక్క దాచు. అన్నట్టు, మామూలు ఇంటి బీమా వరదకి డబ్బివ్వదు. దాని పాలసీ వేరు, సాధారణంగా 30 రోజులకు గానీ అమల్లోకి రాదు. ఈ వారమే తీసుకో.

ఇక సాయం సంగతి. మనవాళ్లకి మొహమాటం ఎక్కువ. షెల్టర్ ఎక్కడుందో, భోజనం ఎక్కడ పెడుతున్నారో తెలియాలంటే 211కి ఫోన్ చెయ్యి. ప్రాణం మీదికొస్తేనే 911. రెడ్ క్రాస్ షెల్టర్‌లో ఉండడానికి వీసా కాగితాలు అక్కర్లేదు. విపత్తుల్లో సాయం చేసే ఫెడరల్ సంస్థ ఫెమా ఇచ్చే డబ్బు మాత్రం హెచ్1బి మీద ఉన్న మీకు రాదు. అది విని చాలామంది ఊరుకుంటారు. కానీ పాప ఇక్కడే పుట్టింది, సిటిజన్. మీ కౌంటీకి ఆ సాయం ప్రకటించాక పాప తరఫున మీరు అప్లై చేయొచ్చు. బీమా ఉంటే ముందు అక్కడ క్లెయిమ్ వెయ్యి, వాళ్లిచ్చే ఉత్తరం ఫెమా అడుగుతుంది. ఫెమా మనిషినంటూ ఎవడైనా ఫీజు అడిగితే మాత్రం దొంగే అనుకో.

పాప సోషల్ సెక్యూరిటీ నంబర్ కావాలి ఫెమా అప్లికేషన్‌కి. పోయినసారి కార్డు కనపడట్లేదన్నావు, దొరికిందా?

మీ పెద్దమ్మ