బేస్‌మెంట్‌లో వేలాడే వైర్లు, బెంగళూరు మామగారి సలహా

ప్రశ్న: బెంగళూరు నుంచి ఒహాయో వచ్చి మూడేళ్లయింది. ఈమధ్యే పాత ఇల్లు ఒకటి కొన్నాం. బేస్‌మెంట్‌లో ఒక గది వేసుకుందామంటే, పాత ఓనరు సగం లాగి వదిలేసిన వైర్లు జాయిస్టుల (పైకప్పు కొయ్య దూలాల) మధ్య వేలాడుతున్నాయి. మారతహళ్లిలో ఉండే మా మామగారు ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుగా చేశారు. "వీడియో కాల్‌లో చూపించు బాబూ, ఏది దేనికి కలపాలో నేను చెప్తా, ఈ నెలలోనే గోడ మూసేయొచ్చు" అంటున్నారు. అలా చేసుకోవచ్చా?

జవాబు: మీ మామగారి అనుభవాన్ని నేను తక్కువ చేయను. చాలా ఏళ్లు అమెరికాలో ఉండి వచ్చి ఇప్పుడు నేనూ బెంగళూరులోనే, వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. పిల్లలు అక్కడ ఇల్లు కొన్న కొన్నాళ్లకు ఇలాంటి వీడియో కాల్ ప్రతి ఇంటికీ వస్తుంది. ఇక్కడి పెద్దవాళ్లు చెప్పేది ఇక్కడి ఇంటికైతే నూటికి నూరుపాళ్లు సరే. ఆ చెయ్యి తిరిగినతనమే అక్కడి వైర్ల దగ్గర ప్రమాదం తెచ్చిపెడుతుంది.

ముందు రంగు సంగతి చూడండి. మన దగ్గర ఫేజ్‌కు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ. అమెరికాలో నలుపే కరెంటు వైరు. ఎరుపు కూడా కరెంటే. న్యూట్రల్ తెలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ లేదా తొడుగు లేని రాగి తీగ. ముప్పై ఏళ్లు నల్ల వైరును న్యూట్రల్‌గా చూసిన మనిషి ఫోన్ తెరలో చూసి "ఆ నల్లది ఫర్వాలేదు, పట్టుకో" అంటే ఏమవుతుందో ఊహించండి. పైగా అక్కడ తెల్ల వైరునూ గుడ్డిగా నమ్మడానికి లేదు. పాత ఇళ్లలో స్విచ్ దాకా వెళ్లే తెల్ల వైరులో కరెంటు ఉండొచ్చు. దానికి నల్ల టేపు చుట్టి గుర్తు పెట్టాలని నియమం ఉంది కానీ, సగంలో వదిలేసి పోయిన ఓనరు ఆ టేపు చుట్టి ఉంటాడని నేనైతే పందెం కాయను.

అందుకని మొదటి పని కలపడం కాదు, కనిపెట్టడం. వేలాడే ప్రతి వైరులోనూ కరెంటు ఉందనే అనుకోండి. హార్డ్‌వేర్ షాపులో వైరును తాకకుండానే కరెంటు పసిగట్టే టెస్టర్ దొరుకుతుంది. దాన్ని ముందు కరెంటు ఉందని తెలిసిన ప్లగ్ దగ్గర పెట్టి, అది పనిచేస్తోందో లేదో చూసుకుని, తర్వాత ఈ వైర్ల దగ్గర పెట్టండి. ఒక్కో బ్రేకర్ ఆపుతూ ఏ వైరు ఎక్కడిదో రాసుకోండి. బేస్‌మెంట్ పైకప్పులోంచి పైఅంతస్తు వైర్లు కూడా వెళ్తుంటాయి. మీరు పనికిరానిదనుకున్నది వంటింటి లైటుదై ఉండొచ్చు. ఈ పనికి లైసెన్సు అక్కర్లేదు, ఓపిక కావాలి. ఆదివారం ఇద్దరు కూర్చుంటే అయిపోతుంది: ఒకరు బ్రేకర్లుండే ప్యానెల్ దగ్గర, ఇంకొకరు పైన "ఆరింది, వెలిగింది" అని అరుస్తూ.

ప్యానెల్ మూత మాత్రం విప్పకండి. మెయిన్ బ్రేకర్ ఆపేసినా బయటినుంచి వచ్చే లావు తీగలు బిగించే చోట కరెంటు అలాగే ఉంటుంది. అక్కడ పని ఎలక్ట్రీషియన్‌దే.

ఇంకొకటి, ఎరుపు, నలుపు రెండూ ఉండి తెలుపు ఒక్కటే ఉన్న కేబుల్ కనిపిస్తే దాని జోలికి పోవద్దు. రెండు 120 వోల్టుల లైన్లు ఒకే న్యూట్రల్‌ను పంచుకుంటూ ఉండొచ్చు. ఆ తెల్లదాన్ని మధ్యలో ఊడదీస్తే, వాటిమీద నడిచే వస్తువుల్లో కొన్నింటికి 240 దాకా వోల్టేజి వెళ్లొచ్చు. బెంగళూరులో న్యూట్రల్ పోయి వీధిలో టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయిన సంగతి మీ మామగారిని అడగండి, వెంటనే అర్థం చేసుకుంటారు.

ఇక గోడ విషయం. మనవి ఇటుక, సిమెంటు గోడలు. గాడి కొట్టి, పైపు వేసి, అందులోంచి వైర్లు లాగుతాం. జాయింటు వదులై వేడెక్కినా చుట్టూ అంటుకునే సరుకు తక్కువ. అమెరికా ఇంట్లో ఆ వైరు పక్కన ఉండేది కొయ్య. పైన జిప్సం బోర్డు (డ్రైవాల్) వేసేస్తారు కాబట్టి లోపల నిప్పురవ్వ పుట్టినా బయటికి తెలియదు. మెలితిప్పి టేపు చుట్టేసే మన అలవాటును అక్కడ ఎవరూ ఒప్పుకోనిది ఇందుకే. ప్రతి జాయింటూ బాక్సులో ఉండాలి, వైర్ నట్‌తో (కొసలమీద తిప్పి బిగించే చిన్న టోపీ) బిగించాలి, ఆ బాక్సుకు మూత ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, గోడ పగలగొట్టకుండా ఆ మూత విప్పగలగాలి. బాక్సును డ్రైవాల్ వెనక పూడ్చేయడం అక్కడి ఎలక్ట్రికల్ కోడ్‌కు విరుద్ధం. మీకు అక్కర్లేని వైరైనా సరే, కరెంటు వచ్చేదైతే కొసలు మూసి బాక్సులో పెట్టి, ఖాళీ మూత బయటికి కనిపించేలా ఉంచాలి. గోడమీద ఆ తెల్లటి చదరం అందంగా ఉండదని మీ ఆవిడ అనొచ్చు. అలాంటప్పుడు పైకప్పుకు డ్రైవాల్ మానేసి, పలకలు ఎత్తి తీయగలిగే డ్రాప్ సీలింగ్ వేయించండి. దాని పైన ఉన్న బాక్సులు అందుబాటులో ఉన్నట్టే లెక్క. రేపు పైపు కారినా చూసుకోవచ్చు. బేస్‌మెంట్‌కు నా ఓటు ఎప్పుడూ దానికే.

పర్మిట్ గురించి మీరు అడగలేదు కానీ, అసలు విషయం అదే. సొంత ఇంట్లో ఓనరే వైరింగ్ చేసుకోవడానికి కొన్ని ఊళ్లు ఒప్పుకుంటాయి, కొన్ని లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలంటాయి. మీ ఊరి బిల్డింగ్ డిపార్ట్‌మెంటుకు ఫోన్ చేస్తే చెప్తారు. ఏ పద్ధతైనా ఇన్‌స్పెక్టరు రెండుసార్లు వస్తాడు: వైర్లు లాగి గోడ మూయకముందు ఒకసారి, అంతా అయ్యాక ఇంకోసారి. మొదటిది కాకుండా గోడ మూస్తే మళ్లీ విప్పమనే అధికారం అతనికి ఉంది. ఇల్లు అమ్మేటప్పుడు కూడా పర్మిట్ లేని గది గురించి కొనేవాళ్లు నిలదీస్తారు. మన దగ్గర లైన్‌మన్‌తో మాట్లాడుకుని సర్దేసినట్టు సర్దే పని కాదు ఇది.

జాతీయ ఎలక్ట్రికల్ కోడ్ మూడేళ్లకోసారి మారుతుంది, ఏ రాష్ట్రం ఏ ఏడాది ప్రతిని పాటిస్తుందో తేడా ఉంటుంది. అయినా కొన్ని కొలతలు తెలిసి ఉంటే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడేటప్పుడు తడబడరు. గోడ వెంట ఎక్కడ నిలబడ్డా 6 అడుగుల లోపు ప్లగ్ పాయింటు ఉండాలి, అంటే రెండింటి మధ్య 12 అడుగులకు మించకూడదు. కొయ్య అంచునుంచి అంగుళంపావు కంటే దగ్గరగా వైరు వెళ్తే, మేకు దిగకుండా ఉక్కు పలక కొట్టాలి. ప్యానెల్ ముందు 30 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల లోతు ఖాళీ వదలాలి. దాని ముందు బీరువా పెట్టేద్దామనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. ఇక షాక్ కొట్టకుండా ఆపే జీఎఫ్‌సీఐ మన ఆర్‌సీసీబీకి దగ్గరి చుట్టమే, కాకపోతే మన ఇళ్లలో మామూలుగా పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోతే అది 4 నుంచి 6 మధ్యే పడిపోతుంది. వైరులో రవ్వలు పుడితే ఆపే ఏఎఫ్‌సీఐ బ్రేకర్లు వేరు. నివసించే గదికి అవీ అడుగుతారు.

మీ మామగారి లెక్క తప్పే ఇంకో చోటు లోడు. మన 16 ఆంపియర్ల పాయింటు 230 వోల్టుల మీద సుమారు 3,700 వాట్లు ఇస్తుంది. గీజరైనా ఇస్త్రీపెట్టైనా దిగుల్లేదు. అక్కడ 15 ఆంపియర్ల లైను 120 వోల్టుల మీద ఇచ్చేది 1,800 వాట్లే. బేస్‌మెంట్ చలికి 1,500 వాట్ల హీటర్ పెట్టారంటే 12.5 ఆంపియర్లు దానికే పోయాయి. అదే లైనుమీద ట్రెడ్‌మిల్ పెడితే బ్రేకర్ పడుతూనే ఉంటుంది. అప్పుడు "బ్రేకర్ పెద్దది వేసెయ్" అనే సలహా వస్తుంది చూడండి, అది అస్సలు వినకండి. 15 ఆంపియర్లకు లాగేది 14 గేజి వైరు (గేజి అంకె తగ్గేకొద్దీ వైరు లావు), కొత్త కేబుల్‌కు పైతొడుగు తెల్లగా ఉంటుంది. 20కి 12 గేజి, పసుపు తొడుగు. వైరు మార్చకుండా బ్రేకర్ పెంచితే గోడలో వైరు కాలుతుంది, బ్రేకర్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. పాత ఇంట్లో ఈ తొడుగు రంగులనూ నమ్మొద్దు, అవి వాడుకలోకి వచ్చింది 2001 ప్రాంతంలో. కేబుల్ మీద అచ్చువేసిన అంకె చదవండి. హీటర్‌కు, ట్రెడ్‌మిల్‌కు చెరో లైను ఇప్పుడే అడగండి. గోడ తెరిచి ఉన్నప్పుడు అది చిన్న పని.

ఆ గదిలో ఎవరైనా పడుకునేటట్టయితే వైర్లతో సరిపోదు. మనిషి దూరి బయటపడేంత కిటికీ, ఇంట్లో మిగతావాటితో కలిసి మోగే పొగ అలారం కూడా ఉండాలి.

మొదటి తనిఖీ అయ్యాక, డ్రైవాల్ వేసే ముందు ప్రతి గోడకూ కొలత టేపు ఆనించి, కొలత కనిపించేలా ఫోటోలు తీసుకోండి. టీవీ తగిలించే రోజున పనికొస్తాయి. అవే మామగారికీ పంపండి. ఏ పాయింటు ఎక్కడ ఉంటే వాడుకకు బాగుంటుందో చెప్పడంలో వాళ్ల సలహాకు తిరుగులేదు.

చివరగా, ఇలా అడిగేవాళ్లు తరచూ వేసే ఇంకో ప్రశ్నకు కూడా ముందే చెప్పేస్తాను. అత్తగారు తెచ్చే మిక్సీ కోసం 240 వోల్టుల పాయింటు ఒకటి పెట్టించకండి. అక్కడ 240 అంటే రెండు వైర్లలోనూ కరెంటే. మన మిక్సీ స్విచ్ ఒక్క వైరునే ఆపితే రెండోదాని కరెంటు మోటారులో అలాగే ఉంటుంది. 110 వోల్టుల మిక్సీలు అక్కడి ఇండియన్ స్టోర్లలోనే దొరుకుతాయి.