రాడార్ చిత్రంలో ప్రతి నల్లమచ్చా చమురు కాదు

చిరంజీవికి ఆశీస్సులు.

సముద్రంపై చమురు తెట్టును ఉపగ్రహ రాడార్ చిత్రాల్లో గుర్తించే పనిలో చేరానని, ముందుగా ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలో చెప్పమని అడిగావు. సాఫ్ట్‌వేర్ ఏదైనా ఫరవాలేదు, ముందు గాలి సంగతి తెలుసుకో. ఈ చిత్రాలు తీసే సింథటిక్ అపెర్చర్ రాడార్ చమురును నేరుగా చూడదు. గాలి నీటిపై లేపే చిన్నచిన్న అలల నుంచి వెనక్కి వచ్చే సంకేతాన్ని నమోదు చేస్తుంది. చమురు పొర ఆ అలలను అణచివేయడంతో సంకేతం బలహీనపడి అక్కడ చిత్రం నల్లబడుతుంది. గాలి వేగం సెకనుకు 2, 3 మీటర్లకు తగ్గితే చమురు లేని నీరు కూడా నల్లగానే కనిపిస్తుంది. 10, 12 మీటర్లు దాటితే పలుచని తెట్టు నీటిలో కలిసి చెదిరిపోయి, ఉన్నా కనిపించదు. కాబట్టి చిత్రం తీసిన వేళ అక్కడి గాలి ఎంతో చూడకుండా ఏ మచ్చ గురించీ అభిప్రాయం చెప్పకు.

సాధనకు ఐరోపా రాడార్ ఉపగ్రహాలైన సెంటినెల్-1 చిత్రాలు చాలు, పైగా అవి ఉచితం. వాటిలో వీవీ పోలరైజేషన్ చిత్రాన్నే, అంటే రాడార్ తరంగాలను నిలువుగా పంపి నిలువుగానే అందుకున్న చిత్రాన్నే తీసుకో. నిలువుగా పంపి అడ్డంగా అందుకునే వీహెచ్‌లో సముద్రం నుంచి వచ్చే సంకేతం పరికరపు రొద స్థాయికి దగ్గరగా ఉండడంతో తేడా సరిగా తెలియదు.

అసలు కష్టం చమురులాగే కనిపించే ఇతర మచ్చలతోనే వస్తుంది. నాచు, చేపల వంటి జీవుల నుంచి వెలువడే సహజమైన జిడ్డు పొరలు సుడులు తిరుగుతూ సన్నని చారలుగా పరుచుకుంటాయి. కొండల చాటున గాలి ఆడని నీరు తీరాన్ని అంటుకొని నల్లగా ఉంటుంది. వాన కురిసిన చోట, నీటి లోపలి అలలు సాగే చోట కూడా నల్లని ఆకారాలు ఏర్పడతాయి. పొడవైన సన్నని నల్లగీత, దాని కొసన ఓడను సూచించే తెల్లని చుక్క ఉంటే మాత్రం అనుమానం బలపడుతుంది. అప్పుడు ఏఐఎస్ (ఓడలు తామెవరో, ఎక్కడున్నాయో ప్రసారం చేసే వ్యవస్థ) నమోదుల్లో ఆ దారిన వెళ్లిన ఓడలను వెతుకు. తెట్టు ప్రవాహంతో పాటు గాలి వేగంలో సుమారు 3 శాతం వేగంతో కొట్టుకుపోతుంది గనుక, ఓడ దారిని గీత ఇప్పుడున్న చోటుతో కాక, అది మొదలైన చోటుతో పోల్చాలి. ఆ ఓడే చమురు వదిలిందని నేరం నిరూపించడానికి ఇదొక్కటే చాలదు, ఆ మాటకొస్తే చాలకూడదు కూడా. ఒకే చోట వేర్వేరు తేదీల చిత్రాల్లో మచ్చ మళ్లీమళ్లీ కనిపిస్తే, మెక్సికో సింధుశాఖలో మాదిరిగా సముద్రగర్భం నుంచి సహజంగా ఊరే చమురు కావచ్చు.

కంప్యూటర్ నల్లమచ్చలను ఏరి ఇస్తుంది, ఆ శ్రమ దానికే వదిలెయ్యి. నిర్ణయం మాత్రం నీవే తీసుకో. నివేదికలో విస్తీర్ణం, గాలి వేగం, నీ నమ్మకపు స్థాయి రాయి. తెట్టు మందాన్ని ఈ చిత్రం నమ్మదగినట్టు చెప్పలేదు గనుక, ఎన్ని టన్నుల చమురు ఒలికిందో దీని ఆధారంగా రాయకు. అనుమానం గట్టిదైతే విమానాన్నో పడవనో వెంటనే పంపమని కోరు, ఎందుకంటే మరుసటి చిత్రం వచ్చేసరికి తెట్టు చెదిరిపోయి ఉండవచ్చు.