పచారీ కొట్ల సర్వేకి బయల్దేరుతున్న ఉషకి

అమ్మలూ,

గుంటూరు పచారీ కొట్లు ఎలా నడుస్తున్నాయో, పది నిమిషాల్లో సరుకు ఇంటికి తెస్తామనే యాప్‌లు వచ్చాక జనం కొనుగోళ్లు ఎలా మారాయో పీహెచ్‌డీ చేస్తున్నావని, వచ్చే నెల నుంచి వీధులు పట్టుకుంటావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడి గొంతులో గర్వం దాగలేదు. నాకూ ఉంది. అయితే నువ్వు పంపిన ప్రశ్నల ఫారం రెండో పేజీ చూశాక గర్వం కాస్త పక్కకి జరిగింది. అందుకే ఈ ఉత్తరం.

తేలిక సంగతులు ముందు. ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం సంచిలో, గుర్తింపు కార్డు మెడలో ఉండాలి. బేరం వచ్చినప్పుడల్లా మాట ఆపేసి పక్కకి తప్పుకో, కొట్టుకి అడ్డంగా నిలబడకు. పొద్దున పాల వేళా సాయంత్రం రద్దీ వేళా ఎవరినీ కదపొద్దు, పదకొండు నుంచి ఒంటిగంట దాకా మంచి సమయం. చీకటి పడ్డాక ఒక్కదానివే సందుల్లో తిరిగావని తెలిస్తే నేనే వచ్చి ఇంటికి లాక్కొస్తాను, డాక్టరేటూ వద్దు ఏమీ వద్దు.

కొట్ల జాబితా రెడీగా ఎక్కడా దొరకదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ల నుంచి తీస్తే నీకు కావలసిన చిన్న కొట్లే జారిపోతాయి. సరుకులమ్మే వాళ్లకి మన రాష్ట్రంలో మామూలుగా ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాటాకే కదా ఆ నంబరు తప్పనిసరి. కంపెనీ సేల్స్‌మన్ తాను తిరిగే కొట్లు రాసుకునే బీటు పుస్తకంలో వాడు సరుకు వేసే కొట్లే ఉంటాయి. కాబట్టి వార్డులు చీటీలేసి ఎంచుకో, ఎంచుకున్న వార్డులో ఎడమ గోడ పట్టుకుని ప్రతి సందూ నడువు. బోర్డు లేకుండా కిటికీలోంచి అమ్మేవీ, తలుపేసి ఉన్నవీ కూడా రాసుకో. అదే సందు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిరగాలి, సాయంత్రమే తెరిచే కొట్లుంటాయి.

ఎన్ని కొట్లు అడగాలన్న చోట 384 అని రాశావు, చూశాను. 95 శాతం నమ్మకం, అటూ ఇటూ 5 శాతం తేడా అంటే వచ్చే అంకె అది. కానీ ఊరంతా చెదురుగా చీటీలు తీస్తేనే అది చెల్లుతుంది. నువ్వు వార్డుకి 10 తీస్తున్నావు. ఒక వార్డులో కొట్లన్నిటికీ అదే హోల్‌సేలు, అదే రకం జనం. వాటి మధ్య పోలిక (సున్నా అంటే పోలికే లేదు, ఒకటి అంటే అన్నీ ఒకటే) 0.05 మాత్రమే అనుకున్నా, పదిలో మొదటిది పోను మిగతా 9 కొట్లకీ అది కలిపితే 1 + 9 × 0.05, అంటే 1.45 రెట్లు కావాలి: 557 కొట్లు. నూటికి 15 మంది కాదంటారని వేసుకుంటే 656 గుమ్మాలు ఎక్కాలి. డబ్బు చాలదంటావా? వార్డుకి 5 చొప్పున తీసి వార్డులు పెంచు, 461 ఇంటర్వ్యూలతో సరిపోతుంది. కాదన్నవాడి బదులు పక్క కొట్టు రాసుకోవడం మాత్రం వద్దు. మూడుసార్లు వెళ్లు, అప్పటికీ కాదంటే కాదన్నాడనే రాయి.

నిర్వహణ పద్ధతుల భాగానికి ముంబయి దగ్గరి బట్టల మిల్లుల అధ్యయనం పట్టుకున్నావు. గొప్ప పనే: 38 పద్ధతులు నేర్పితే మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. కానీ అవి వందల మంది పనిచేసే మిల్లులమ్మా. మొగుడూ పెళ్లాం నడుపుకునే కొట్టుకి ఆ కొలబద్ద పెట్టకు. మెకెంజీ, వుడ్రఫ్ అనే ఆర్థికవేత్తలు చిన్న వ్యాపారాల కోసం తయారుచేసిన 26 ప్రశ్నలున్నాయి, మార్కెటింగు, సరుకు నిల్వ, లెక్కలు, డబ్బు ప్రణాళిక అని. అక్కణ్ణుంచి మొదలుపెట్టు. "లెక్కలు రాస్తారా?" అంటే అందరూ రాస్తామనే అంటారు. "నిన్నటి పేజీ ఒకసారి చూపిస్తారా?" అని అడుగు. లాభం కూడా అమ్మకంలోంచి ఖర్చు తీసేసి కట్టొద్దు, ఈ నెల కొన్న సరుకు వచ్చే నెల అమ్ముడవుతుంది. శ్రీలంకలో పరీక్షించి చూస్తే చిన్న వ్యాపారులు అమ్మకాన్ని దాదాపు 30 శాతం తక్కువ చెప్పారు. "అన్ని ఖర్చులూ పోను పోయిన నెల మీకెంత మిగిలింది?" అని సూటిగా అడగడమే నయమని అక్కడ తేలింది. కొట్లోంచి ఇంటికి తీసుకెళ్లిన నూనె, పప్పు మాత్రం విడిగా అడగాలి.

ఇక ఆ రెండో పేజీ. ఇళ్లలో గృహిణిని ఒకే వరసలో "గత 7 రోజుల్లో ఎంత కొన్నారు?" అనీ, పక్క గడిలోనే "గత 30 రోజుల్లో ఎంత?" అనీ అడుగుతున్నావు. రెండూ ఉంటే సరిచూసుకోవచ్చు కదా అనుకుని ఉంటావు. సరిగ్గా ఇలాగే అనుకుని దేశం మొత్తం ఒకసారి దెబ్బతింది.

ఇళ్ల ఖర్చులు లెక్కగట్టే ప్రభుత్వ సర్వే, జాతీయ నమూనా సర్వే వాళ్లు 1994–98 మధ్య 51 నుంచి 54 రౌండ్లలో (సర్వే విడతల్లో) ఒక పరీక్ష చేశారు. కొన్ని ఇళ్లలో తిండి ఖర్చు 30 రోజులకి అడిగారు, వేరే ఇళ్లలో 7 రోజులకి. వారం అడిగిన ఇళ్లలో తిండి ఖర్చు సుమారు 30 శాతం ఎక్కువ తేలింది. ఆ కొలత ప్రకారమైతే పేదల సంఖ్య ఇంచుమించు సగమైపోతుంది. ఏది నిజమో తేలక ముందే 1999–2000లో 55వ రౌండు వచ్చింది. ఈసారి ఒకే ఇంటికి, ఒకే ప్రశ్నల ఫారంలో, పక్కపక్క గడుల్లో రెండూ పెట్టారు. పాత తేడా చాలావరకు మాయమైంది!

ఎందుకో ఆలోచించు. గృహిణి వారానికి అరకిలో నూనె అంటుంది. వెంటనే నెలకెంత అంటే గుర్తుచేసుకోదు, నాలుగుతో హెచ్చవేసి చెబుతుంది. ఆమె తక్కువ చెబితే అడిగేవాడు ఊరుకోడు, "ఇందాక అరకిలో అన్నారు కదమ్మా" అంటాడు. పైఅధికారి రెండు గడులూ కలవలేదని తిప్పి పంపుతాడన్న భయం వాడిది. వారం జవాబు నెల జవాబుని లాగేసింది. ఆ లెక్కతో 1993–94లో 36 శాతమున్న పేదరికం 26కి దిగిందని అధికారికంగా ప్రకటించారు. అదంతా నిజమా, గడుల మాయా అని ఏళ్ల తరబడి ఆర్థికవేత్తలు వాదించుకున్నారు. 2004–05లో మళ్లీ 30 రోజులే అడిగితే 27.5 వచ్చింది. పేదరికం పెరిగిందా, తగ్గిందా? మధ్యలోని 26ని రెండు పక్కలా దేనితోనూ పోల్చలేం. పోయింది ఒక గడి కాదు తల్లీ, తొంభైల దశకపు పోలిక.

నువ్వు కొలవాలనుకుంటున్నదీ మార్పే, అందుకే నాకింత భయం. ఒక్కో సరుకుకి ఒక్క వ్యవధి పెట్టు: కూరగాయలు, నూనె, గుడ్లు 7 రోజులు; బియ్యం, పప్పు, పంచదార 30; బట్టలు, చెప్పులు 365. 2022–23 గృహ వినియోగ సర్వే ఇలాగే చేసింది, పైగా ప్రశ్నలన్నీ ఒకేసారి కుమ్మరించకుండా మూడు విడతలుగా ఇంటికి వెళ్లింది. రెండు వ్యవధులూ పోల్చి తీరాలంటే సగం ఇళ్లకి ఒకటి, సగానికి ఇంకొకటి చీటీలేసి ఇవ్వు. నీ సర్వే మొదటి విడతకీ రెండో విడతకీ మధ్య ప్రశ్నలో ఒక్క మాట కూడా మార్చకు, విసుగొచ్చినా సరే.

జవాబు ఎవరు చెబుతున్నారో కూడా రాసుకో. పప్పు కొనని మొగుడు పప్పు ధర చెబుతాడు, అతను బయట తాగే టీ లెక్క ఆమెకి తెలియదు. మిర్చి డబ్బు చేతికొచ్చే నెలల్లో అరువులు తీరుతాయి, కాబట్టి సంక్రాంతి ముందు ఒక వార్డు, వేసవిలో ఇంకో వార్డు చేసి పోల్చొద్దు.

అమ్మకం అడగ్గానే కొట్టు వాళ్ల ముఖం మారుతుంది. 2025 జులైలో బెంగళూరులో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకి పన్ను నోటీసులు వెళ్లాయి. కొందరు క్యూఆర్ కోడ్ తీసేసి నగదే ఇమ్మన్నారు. అందుకే డబ్బు ప్రశ్నలు చివరికి జరుపు. పేరు, ఫోను నంబరు వేరే ఫైల్లో ఉండాలి, అమ్మకం ఉన్న ఫైల్లో కోడ్ నంబరు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఆ రెండూ కలిపి ఎవరికీ వాట్సాప్‌లో పంపకు, మీ గైడుకి కూడా.

సాయానికి పెట్టుకున్న పిల్లలకి ఫారానికింతని కాకుండా రోజుకింతని ఇవ్వు. ఫారానికింత అంటే చెట్టు కింద కూర్చుని నింపేస్తారు. నలభై నిమిషాల ఇంటర్వ్యూ పన్నెండు నిమిషాల్లో ముగిసిందంటే ఆ కొట్టుకి నువ్వే వెళ్లు. ఏదీ అనుమానం లేకపోయినా పదింటికొకటి చొప్పున మళ్లీ అడిగించు.

ముందస్తు పరీక్ష సర్వే, అదే పైలట్, గుంటూరులో వద్దు, ఆ కొట్లు అసలు జాబితాలో ఇరుక్కుంటాయి. తెనాలిలో ఓ 20 కొట్లు చేసుకో, మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి రావచ్చు. అప్పటికి రెండో పేజీ మార్చి పట్టుకురా, ఎర్ర సిరా పెన్ను పెట్టుకుని కూర్చుంటాను.

మీ బాబాయి